వీఎస్ కోడ్ మొరాయిస్తోందా..? అన్‌ఇన్‌స్టాల్ కొట్టే ముందు ఇవి చెక్ చేసుకోండి.. తొందరపడితే పాత కోడ్ దొరకదు!

తెల్లారితే ప్రాజెక్ట్ సబ్మిషన్. రాత్రి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే వీఎస్ కోడ్‌లో ఖాళీ స్క్రీన్. లేదంటే ఒక్క అక్షరం కొడితే కనిపించడానికి ఐదు సెకన్లు. ఇలాంటప్పుడు హాస్టల్ రూముల్లో వినిపించే సలహా ఒక్కటే.. ‘తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యరా’. కానీ చాలాసార్లు దానివల్ల ఫలితం ఉండదు. పైగా కంగారులో ఫోల్డర్లు డిలీట్ చేస్తే అసలుకే ఎసరు రావొచ్చు. ఎందుకో చూద్దాం.

ఒకే ఎడిటర్.. మూడు సిస్టమ్‌లు

మైక్రోసాఫ్ట్ 2015 ఏప్రిల్‌లో వీఎస్ కోడ్‌ను ప్రకటించింది. అదే ఏడాది నవంబర్‌లో సోర్స్ కోడ్‌ను ఎంఐటీ లైసెన్స్ కింద గిట్‌హబ్‌లో ఓపెన్ చేసింది. విండోస్, మ్యాక్, లైనక్స్.. మూడింటిలోనూ ఇది నడవడానికి కారణం ఎలక్ట్రాన్ అనే ఫ్రేమ్‌వర్క్. సింపుల్‌గా చెప్పాలంటే, క్రోమ్ బ్రౌజర్‌కు ఆధారమైన క్రోమియమే దీని లోపల కూడా ఉంటుంది. అందుకే ర్యామ్ ఎక్కువ తింటుంది. గ్రాఫిక్స్ డ్రైవర్‌తో పేచీ వస్తే స్క్రీన్ ఖాళీ అయిపోతుంది.

రీఇన్‌స్టాల్ ఎందుకు పనిచేయదు?

ఎడిటర్ ఒకచోట ఉంటే, దాని సెట్టింగ్స్ ఇంకోచోట ఉంటాయి. విండోస్‌లో యాప్‌డేటా లోపలి రోమింగ్‌లో, మ్యాక్‌లో లైబ్రరీ లోపలి అప్లికేషన్ సపోర్ట్‌లో, లైనక్స్‌లో హోమ్‌లోని హిడెన్ కాన్ఫిగ్ ఫోల్డర్‌లో ‘కోడ్’ పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. ఎక్స్‌టెన్షన్లది మరో ఫోల్డర్. ఎడిటర్‌ను తీసేసినా ఇవి మామూలుగా అలాగే ఉండిపోతాయి. మళ్లీ ఇన్‌స్టాల్ చేయగానే పాత జబ్బు కూడా వెనక్కి వస్తుంది.

‘అయితే ఆ ఫోల్డర్‌నూ డిలీట్ చేస్తే సరి’ అనుకుంటే అక్కడే ప్రమాదం. 2022 మార్చి వెర్షన్ నుంచి వీఎస్ కోడ్ ఫైల్ సేవ్ చేస్తున్న కొద్దీ పాత కాపీలను దాచిపెడుతోంది. ఒక్కో ఫైల్‌కు 50 వరకు ఉంటాయి. ఎడమవైపు ఎక్స్‌ప్లోరర్ కింద ‘టైమ్‌లైన్’లో ఇవి కనిపిస్తాయి. పొరపాటున చెరిపేసి సేవ్ చేసిన కోడ్‌ను తిరిగి తెచ్చుకునే దారి ఇదే. ఆ కాపీలన్నీ ఉండేది సరిగ్గా ఆ ‘కోడ్’ ఫోల్డర్‌లోనే! అందుకే డిలీట్ చేయకుండా పేరు మార్చి చూడాలి. సమస్య పోకపోతే మళ్లీ పాత పేరే పెట్టేయొచ్చు.

ఏ క్రమంలో చెక్ చేయాలి?

ముందుగా ఎక్స్‌టెన్షన్లు. ఎడిటర్ స్లో అయిందంటే మొదట అనుమానించాల్సింది వీటినే. ఎఫ్1 నొక్కి ‘స్టార్ట్ ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ ఎంచుకుంటే, అదే సగం ఎక్స్‌టెన్షన్లను ఆపి ‘ఇప్పుడు బాగుందా?’ అని అడుగుతుంది. జవాబును బట్టి మళ్లీ సగం.. 32 ఎక్స్‌టెన్షన్లు ఉన్నా ఐదారు రౌండ్లలో దొంగ దొరికిపోతుంది. ర్యామ్ ఎవరు తింటున్నారో తెలియాలంటే హెల్ప్ మెనూలో ‘ఓపెన్ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్’ చూడాలి.

స్క్రీన్ ఖాళీగా ఉంటే టెర్మినల్‌లో ‘కోడ్’ కమాండ్‌కు డిజేబుల్ జీపీయూ ఆప్షన్ కలిపి ఓపెన్ చేయాలి. అప్పుడు తెరుచుకుంటే తప్పు గ్రాఫిక్స్ వైపే. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే చాలావరకు సరిపోతుంది.

ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో తలనొప్పి

* విండోస్: పైథాన్ ఇన్‌స్టాల్ చేసి, పాత్ సెట్ చేసినా ‘నాట్ రికగ్నైజ్డ్’ అంటోందా? ఎడిటర్ పాత పాత్‌నే పట్టుకుని ఉంటుంది. అన్ని విండోలూ మూసి మళ్లీ తెరవాలి.
* మ్యాక్: డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచే నడిపిస్తే అప్‌డేట్లు ఆగిపోవచ్చు. యాప్‌ను అప్లికేషన్స్‌లోకి లాగి పెట్టుకోవాలి.
* లైనక్స్: పెద్ద ప్రాజెక్టుల్లో ఫైళ్లలో మార్పులను గమనించలేకపోతున్నానని వార్నింగ్ వస్తుంది. సిస్టమ్‌లో ఫైల్ వాచ్‌ల పరిమితిని 5,24,288కి పెంచితే తగ్గుతుంది.
* ముగ్గురికీ: విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్ట్ లైనక్స్‌లో ఎర్రర్ ఇస్తే, కింది బార్‌లో కుడివైపు ‘సీఆర్‌ఎల్‌ఎఫ్’ అని ఉందేమో చూడాలి. దాన్ని ‘ఎల్‌ఎఫ్’గా మార్చి సేవ్ చేయాలి. కంటికి కనిపించని లైన్ చివరి గుర్తు వల్ల వచ్చే గొడవ ఇది.

పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లకు

విండోస్ 7కు 1.70, విండోస్ 8, 8.1లకు 1.79, 32 బిట్ విండోస్‌కు 1.83.. ఇవే చివరి వెర్షన్లు. కొత్తది ఇన్‌స్టాల్ కావట్లేదంటే తప్పు ఇంటర్నెట్‌ది కాకపోవచ్చు. పాత వెర్షన్ నడుస్తుంది కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. వీలుంటే అదే కంప్యూటర్‌లో 64 బిట్ లైనక్స్ వేసుకోవడం మేలు.

ఇవన్నీ చేసినా దారికి రాకపోతే హెల్ప్ మెనూలో ‘రిపోర్ట్ ఇష్యూ’ ఉంది. వెర్షన్, సిస్టమ్ వివరాలు అదే నింపుకుంటుంది. ఇక టైమ్‌లైన్ ఎంత ఆదుకున్నా అది ఉండేది అదే ల్యాప్‌టాప్‌లో. ల్యాప్‌టాపే పోతే కాపీలూ పోతాయి. రోజు పని ముగియగానే కోడ్‌ను గిట్‌హబ్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో ఎక్కిస్తే, సబ్మిషన్ ముందు రాత్రి ఎడిటర్ మొండికేసినా పక్కవాళ్ల ల్యాప్‌టాప్‌లో పని పూర్తి చేసుకోవచ్చు.