పోలీసు రికార్డులో యాసిడ్ ఎక్కడుంది?

(రేడియో ప్రసంగ పాఠం)



నా పని డేటాబేసులతో. ఏ కంపెనీకి కన్సల్టెంటుగా వెళ్ళినా మొదట అడిగేది ఒకటే: ఫలానా సంగతి రాసుకోవడానికి కాలమ్ ఉందా? లేకపోతే లక్ష రికార్డులున్నా ఆ సంగతి బయటికి లాగడం కష్టం. ఇవాళ్టి మాట కూడా అలాంటి ఒక కాలమ్ గురించే.

మా వీధిలో ఒక గుంటూరు కుర్రాడున్నాడు. ఎమ్మెస్సీ అయ్యాక గ్రాడ్యుయేట్ వీసా మీద ఉద్యోగం వెతుక్కుంటూ, సాయంత్రాలు మోపెడ్ మీద ఫుడ్ డెలివరీ చేస్తుంటాడు. ఒక రాత్రి ఇద్దరు బండి లాక్కోబోయి, సీసాలోంచి ఏదో చిమ్మారు. హెల్మెట్ అద్దం దించి ఉంది కాబట్టి మొహం దక్కింది. జాకెట్ చెయ్యి మాత్రం తూట్లు పడింది. వారం తర్వాత పోలీసుల ఉత్తరం పట్టుకొచ్చాడు.

"అన్నా, ఇందులో దోపిడీ ప్రయత్నం అని రాశారు. యాసిడ్ మాటే లేదేంటి?"

నిజమే, లేదు. ఇంగ్లండు, వేల్సులలో 'యాసిడ్ దాడి' అనే పేరుతో నేరం లేదు. ఆధారం ఇప్పటికీ 1861 నాటి చట్టమే. కావాలని తీవ్రంగా గాయపరిస్తే 18వ సెక్షన్, ఒళ్ళు కాల్చే ద్రవం చల్లితే 29వ సెక్షన్. రెండింటికీ యావజ్జీవం దాకా పడొచ్చు. కానీ చల్లింది బండి కోసమైతే అది దోపిడీ పద్దులోకి పోవచ్చు. ఒకే ఘటనలో ఒకే మనిషి మీద రెండు మూడు నేరాలు జరిగితే, మామూలుగా వాటిలో పెద్దదే లెక్కకెక్కుతుంది. అంటే పద్దు గాయాన్ని బట్టీ, ఉద్దేశాన్ని బట్టీ ఉంటుంది. సీసాలో ఏముందన్నది ఎక్కడో వివరాల్లో ఉండిపోతుంది.

2017 జులై 13 రాత్రి లండన్‌లో గంటన్నర లోపల ఐదుగురి మీద ఇలాగే చల్లారు. మోపెడ్ల కోసమే. అప్పుడు దేశమంతా అడిగింది, ఇలాంటివి ఎన్ని జరుగుతున్నాయని. పోలీసు అధిపతుల మండలి స్వచ్ఛందంగా సమాచారం ఇమ్మంటే 39 దళాలు ఇచ్చాయి. 2017 ఏప్రిల్‌తో ముగిసిన ఆరు నెలల్లో 408 కేసులు. కాలమ్ లేనిచోట ఇలాంటి లెక్క తీయాలంటే, కానిస్టేబుల్ రాసుకున్న వర్ణనలో 'యాసిడ్', 'అమ్మోనియా' లాంటి మాటలు వెతకాలి. ఆయన 'ఏదో ద్రవం' అని రాసి ఊరుకుంటే ఆ కేసు దొరకదు. 'యాసిడ్ పోస్తానని బెదిరించాడు' అని రాస్తే, పొయ్యకపోయినా దొరుకుతుంది! ఈ తిప్పలు నా వృత్తిలో రోజూ పడేవే.

పైగా ఆ కేసుల్లో ఎక్కువగా కనిపించినవి బ్లీచ్, అమ్మోనియా, యాసిడ్. మొదటి రెండూ యాసిడ్‌లే కావు, క్షారాలు. అందుకే పోలీసులు 'కరోసివ్ పదార్థం' అంటారు.

2019లో ఆయుధాల చట్టం వచ్చింది. విచిత్రమేమిటంటే ఒకే చట్టంలో రెండు కొలతలు. పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళకి అమ్మకూడని వాటికి ఒక జాబితా ఉంది: సల్ఫ్యూరిక్ యాసిడ్ 15 శాతం దాటితే, బ్లీచ్‌లో ఉండే సోడియం హైపోక్లోరైట్ 10 శాతం దాటితే, అలా. బహిరంగ స్థలంలో దగ్గర పెట్టుకోవడానికి మాత్రం శాతాల గొడవ లేదు, మనిషి చర్మాన్ని తినేసి కాల్చగలిగితే చాలు. తగిన కారణం చూపించలేకపోతే నేరం. ఇవి 2022 ఏప్రిల్ 6 నుంచి అమల్లో ఉన్నాయి. డ్రెయిన్ క్లీనర్ కొనుక్కుని ఇంటికెళ్ళడం తగిన కారణమే లెండి, భయపడకండి.

మన దేశంలో సంగతి వేరు. 2008లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిననాటికి దానికంటూ విడి సెక్షన్ లేదు. 2013లో 326-ఏ, 326-బి వచ్చాయి. 2024 జులై నుంచి అది న్యాయసంహితలో 124వ సెక్షన్. అక్కడ క్షారమైనా సరే, ఒళ్ళు కాల్చి మచ్చో వైకల్యమో మిగిల్చగలిగితే చట్టం దృష్టిలో యాసిడే. నాకు ఈ పద్ధతే నచ్చింది. పేరు ఉంది కాబట్టి లెక్కా ఉంటుంది.

మనవాళ్ళు చాలామంది రాత్రిపూట బండి మీద తిరిగే పనుల్లో ఉన్నారు. ఖర్మకాలి ఇలా జరిగితే ముందు 999కి ఫోన్, తడిసిన బట్టలు జాగ్రత్తగా తీసెయ్యడం, ధారగా నీళ్ళు, కనీసం ఇరవై నిమిషాలు. ఆ తర్వాత స్టేట్‌మెంట్‌లో ద్రవం రంగు, వాసన, అది దేన్ని కాల్చిందీ చెప్పి, రాశారో లేదో అడగండి.

మేమిద్దరం ఉత్తరంలో ఉన్న నంబరుకి ఫోన్ చేశాం. అవతలి ఆఫీసరు మర్యాదగా విని, వివరాల్లో చేరుస్తానని, జాకెట్ ఉంటే పరీక్షకి పంపొచ్చని అన్నాడు. మావాడు నా వంక చూశాడు. వీడియో కాల్‌లో అమ్మ కంట పడుతుందని దాన్ని మర్నాడే బిన్‌లో పడేశాడట.