కడలిలో నిలిచిన కట్టడములు

తీరప్రాంతపు ఊళ్ళలో కట్టి ముప్పది యేండ్లయినను నిండని మేడలు కొన్నింటిని మనము చూచుచునే యున్నాము. స్తంభముల పొడవునా పగుళ్ళు, వాటి వెంట ఎఱ్ఱని తుప్పు చారలు, పెచ్చులూడినచోట ఇనుప కడ్డీలు! ఇటలీ తీరమున రోమనులు కట్టిన రేవుగోడలలో కొన్ని మాత్రము రెండువేల యేండ్లుగా అలల తాకిడికి ఓర్చి నిలిచినవి. ఈ తారతమ్యమునకు కారణమేమి?

సముద్రము కాంక్రీటుకంటె దాని గర్భములోని ఉక్కుకే ఎక్కువ కీడు చేయును. సిమెంటులోని క్షారగుణము ఉక్కుపై పలుచని రక్షకపు పొరను నిలుపును. ఉప్పునీటిలోని క్లోరైడు సన్నని రంధ్రముల గుండా మెల్లగా చొచ్చి ఆ పొరను ఛేదించును. తుప్పు ఉబ్బును, ఆ ఒత్తిడికి పైనున్న కాంక్రీటు పగులును. ఎల్లప్పుడు మునిగియుండు భాగముకంటె, ఆటుపోటులకు తడిసి ఆరు భాగమే త్వరగా చెడును. తుప్పునకు నీటితోపాటు ప్రాణవాయువు కూడ కావలెను కదా!

రోమనులు తమ రేవుగోడలలో ఉక్కును వాడలేదు. నేపుల్స్ అఖాతపు ఒడ్డున దొరకు అగ్నిపర్వత భస్మమును సున్నముతో కలిపినారు. సముద్రపు పనులకు భస్మము రెండుపాళ్ళు, సున్నము ఒకపాలు అని విట్రూవియస్ తన వాస్తుగ్రంథమున వ్రాసినాడు. క్రీ.పూ. మొదటి శతాబ్ది చివర యూదయ రాజు హేరోదు కైసరియ రేవును కట్టించినప్పుడు ఈ భస్మమును ఇటలీనుండి ఓడలపై తెప్పించినారు. ఈ మిశ్రమము కడలిలో ఏకశిలయై నానాటికి గట్టిపడునని క్రీ.శ. మొదటి శతాబ్దివాడైన ప్లినీ చెప్పినాడు. ప్రాచీన రేవులనుండి తొలిచి తీసిన ముక్కలను పరీక్షించి, 2017లో మేరీ జాక్సన్ బృందము ఆ మాటకు ఆధారము చూపినది. లోనికి ఊరిన ఉప్పునీరు భస్మమును కొంత కరిగింపగా, ఆ ద్రవమునుండి టోబర్మొరైట్, ఫిలిప్‌సైట్ అను స్ఫటికములు పుట్టి సందులలో అల్లుకొన్నవి.

అట్లని పూర్వుల విద్య సమస్తము మిన్న, మనది కొద్ది అని తలపరాదు. రోమనుల మిశ్రమము బహు నెమ్మదిగా గట్టిపడును. ఉక్కు లేని కాంక్రీటు లాగుడుకు ఆగదు. పొడుగాటి వంతెనలు, ఎత్తయిన మేడలు ఉక్కు చలువయే. కావున నేటి ఇంజనీర్లు ఉక్కును విడువక, సిమెంటులో థర్మల్ కేంద్రముల బూడిదనో ఇనుప కొలిముల చిట్టెమునో కలిపి కాంక్రీటును దట్టపరచుచున్నారు. కడ్డీలపై కాంక్రీటు మందమును పెంచుచున్నారు.

సముద్రపు ఉప్పు మేడలోనికి చేరుటకు ఏండ్లు పట్టును. కడుగని సముద్రపు ఇసుకతో, ఉప్పునీటితో కడ్డీల కాంక్రీటు పోయువాడు ఆ శత్రువును మొదటిదినముననే లోనికి పిలిచినవాడగును.