సగం చదువు విశాఖలో, సగం మెల్‌బోర్న్‌లో: డబ్బు కట్టే ముందు ఇవి అడగండి

పాయింట్ కుక్: క్యాంపుల్లో ఉంటున్న మన అన్నదమ్ముల పిల్లలు చాలామంది ఇంటర్ దాటే వయసుకు వచ్చారు. "నాన్నా, సగం చదువు ఇక్కడ, సగం ఆస్ట్రేలియాలో, రెండు డిగ్రీలు ఇస్తారట" అని ఇంటి నుంచి ఫోన్ వస్తే ఏం చెప్పాలి? మేమూ ఇంటర్‌తో ఆగినవాళ్లమే. మెల్‌బోర్న్ శివార్లలో, తెలుగువాళ్లు బాగా ఉన్న పాయింట్ కుక్‌లో గుమాస్తా పని చేసుకుంటున్నాం. తెలిసింది చెబుతున్నాం.

ఇలాంటి చదువు నిజంగానే ఉంది. 1926లో మొదలైన మన ఆంధ్రా యూనివర్సిటీ, 1853 నాటి మెల్‌బోర్న్ యూనివర్సిటీ కలిసి నాలుగేళ్ల బీఎస్సీకి ఒప్పందం చేసుకున్నాయి. మొదటి రెండేళ్లు విశాఖలో, తర్వాతి రెండేళ్లు మెల్‌బోర్న్‌లో. పట్టాలు రెండు. విదేశీ ఖర్చు రెండేళ్లకే పడుతుంది, పిల్లవాడు కాస్త ముదిరాక ఇల్లు దాటుతాడు. అదీ లాభం. ఈ ఏడాది సీట్లున్నాయా లేదా అన్నది యూనివర్సిటీ ఆఫీసులోనే అడగాలి, ఏజెంటును కాదు.

యూజీసీ నియమాలు

2022 మేలో యూజీసీ దీనికి నియమాలు పెట్టింది. డ్యూయల్ డిగ్రీలో కనీసం 30 శాతం చదువు మన దేశపు యూనివర్సిటీలో సాగాలి. విదేశీ యూనివర్సిటీ ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 1,000లో ఉండాలి. పేరు అద్దెకు తెచ్చుకుని నడిపే ఫ్రాంచైజీ కాలేజీలకు ఇది వర్తించదు. ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకూ వర్తించదు. నియమాల ప్రకారం వచ్చిన డిగ్రీకి మన దేశంలో వేరే గుర్తింపు పత్రం అక్కర్లేదు.

ఖర్చు ఎంత?

ఫీజు ఒక్కటే కాదు. 2025 జులై నుంచి ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా రుసుమే 2,000 డాలర్లు. వీసా రాకపోయినా సాధారణంగా ఆ డబ్బు తిరిగి రాదు. ఒక ఏడాది బతుకు ఖర్చుకు 29,710 డాలర్లు చూపాలని 2024 మేలో లెక్క పెట్టారు. ఫీజు, విమానం టికెట్, ఆరోగ్య బీమా దానికి అదనం. "అక్కడ పని చేసుకుని ఫీజు కట్టుకోవచ్చు" అనేవాళ్ల మాట నమ్మకండి. 2023 జులై నుంచి కాలేజీ నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయనిస్తున్నారు. తిండికీ గదికీ సాయపడుతుంది కానీ ఫీజుకు చాలదు.

చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే 485 వీసా అడగాలంటే, కనీసం రెండు విద్యా సంవత్సరాల కోర్సు 16 నెలలకు తగ్గకుండా ఆస్ట్రేలియాలో ఉండి చదవాలి. కాబట్టి "మూడేళ్లు అక్కడ, ఒక్క ఏడాది ఇక్కడ" అనే కోర్సు అయితే ఆ దారి మూసుకుపోవచ్చు.

అడగాల్సిన ప్రశ్నలు

1. పట్టాలు రెండా, రెండు పేర్లున్న ఒకే పట్టానా?
2. ఆస్ట్రేలియాలో సరిగ్గా ఎన్నాళ్లు చదవాలి?
3. రెండో దశకు రావడానికి ఎన్ని మార్కులు కావాలి?
4. మార్కులు తగ్గినా, వీసా రాకపోయినా ఇంటి దగ్గరే డిగ్రీ పూర్తి చేయనిస్తారా?
5. ఫీజు ఎవరి ఖాతాలో కట్టాలి? రసీదు ఎవరు ఇస్తారు?

నాలుగో ప్రశ్నకు కాగితం మీద జవాబు దొరికేదాకా అప్పు చేయకండి, పొలం తాకట్టు పెట్టకండి. పైదేశం రావడానికి ఏజెంటు చేతిలో పోసిన డబ్బు తీర్చడానికి ఎన్నేళ్లు పట్టిందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. పిల్లల చదువు దగ్గర ఆ అప్పు మళ్లీ మొదలు కాకూడదు.