దగ్గు తగ్గాక కూడా మాత్రలు ఎందుకు?

టీబీ మందులు మొదలుపెట్టిన కొద్ది వారాలకే చాలామందికి సాయంత్రం పూట వచ్చే జ్వరం ఆగిపోతుంది. ఆకలి పుడుతుంది, దగ్గు తగ్గుతుంది. రెండో నెల దాటేసరికి మనిషి మళ్లీ పనిలోకి వెళ్తాడు. ఇంట్లో ఈ ప్రశ్న వచ్చేది సరిగ్గా అప్పుడే: బాగానే ఉన్నాను కదా, ఇంకా నాలుగు నెలలు ఈ మాత్రలు దేనికి? అడగాల్సిన ప్రశ్నే అది. "డాక్టరుగారు వేసుకోమన్నారు, వేసుకో" అంటే ఆ క్షణానికి నోరు మూయించినట్టవుతుంది తప్ప మనసుకు ఎక్కదు. నిజమైన జవాబు టీబీ క్రిమి శరీరంలోనూ జన్యువుల్లోనూ ఉంది. కాస్త ఓపిగ్గా చెప్పుకుంటే ఎవరికైనా అర్థమవుతుంది.

ఈ క్రిమి ఎందుకంత మొండిది?

క్షయకు కారణమైన బాక్టీరియాను రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న బెర్లిన్‌లో ప్రకటించాడు. దాని పేరు మైకోబాక్టీరియం ట్యుబర్‌క్యులోసిస్. మన పేగుల్లో ఉండే ఈ-కోలై బాక్టీరియా అనుకూలమైన చోట ఇరవై నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. టీబీ క్రిమికి అదే పనికి దాదాపు ఇరవై గంటలు పడుతుంది. ల్యాబులో దాన్ని పెంచి చూడాలంటే వారాలు ఆగాల్సి రావడం అందుకే. పైగా దాని చుట్టూ మైకోలిక్ ఆమ్లాలనే పొడవాటి కొవ్వు అణువులతో అల్లుకున్న మైనపు గోడ ఉంటుంది. చాలా మందులు ఆ గోడ దాటి లోపలికి పోలేవు.

నిదానంగా పెరగడమే దానికి రక్ష. యాంటీబయాటిక్స్ ఎక్కువగా దెబ్బతీసేది పెరుగుతున్న, చీలుతున్న క్రిములను. మందు మొదలైన తొలి వారాల్లో చచ్చేవి అవే. జబ్బు లక్షణాలు తెప్పించేవీ, తెమడలో బయటికొచ్చి పక్కవాళ్లకు అంటుకునేవీ చాలావరకు అవే కాబట్టి, అవి పోగానే మనిషికి హాయిగా ఉంటుంది. కానీ ఊపిరితిత్తుల్లో గడ్డకట్టిన కణజాలంలో, ఆక్సిజన్ సరిగా అందని చోట కొన్ని క్రిములు దాదాపు పనంతా ఆపేసి పడి ఉంటాయి. వాటి జన్యువుల్లో మార్పేమీ ఉండదు, అవి మందుకు లొంగనివీ కావు. మందు కొట్టే పని అవి ఆ సమయంలో చేయడం లేదు, అంతే. అప్పుడప్పుడు ఒక్కొక్కటీ లేస్తుంది. లేచిన రోజున రక్తంలో మందు ఉండాలి. ఆరు నెలలు అందుకే.

దీనికి గట్టి రుజువు కూడా ఉంది. మాక్సిఫ్లాక్సాసిన్ అనే బలమైన మందు కలిపి చికిత్సను నాలుగు నెలలకు కుదించవచ్చేమోనని పలు దేశాల్లో 1,900 మందికి పైగా రోగులతో పరీక్షించారు. 2014లో ఫలితం వచ్చింది. కొత్త మందు తీసుకున్నవాళ్ల తెమడలో క్రిములు పాత చికిత్సలోకన్నా త్వరగా మాయమయ్యాయి. ఆ లెక్కన వాళ్లే ముందు బాగుపడాలి. కానీ మందులు ఆపాక చూస్తే వాళ్లలోనే జబ్బు ఎక్కువమందికి తిరగబెట్టింది. ఆరు నెలల వాళ్లలో 92 శాతం మందికి మంచి ఫలితం వస్తే, నాలుగు నెలల రెండు గుంపుల్లో అది 85, 80 శాతం దగ్గర ఆగింది. తెమడ శుభ్రమవడం వేరు, ఒళ్లు శుభ్రమవడం వేరు అని దీంతో తేలిపోయింది. తరువాత రిఫాపెంటిన్‌తో కలిపిన మరో నాలుగు నెలల చికిత్స నెగ్గింది. అంటే ఆరు అనే అంకెలో మహత్యమేమీ లేదు. ఏ మందుల కలయికకు ఎన్ని నెలలు పడుతుందో రోగుల మీద పరీక్షించి తేల్చాలి. ఇంట్లో కూర్చుని మనం నిర్ణయించుకునేది కాదు.

నాలుగు మందులు ఒకేసారి ఎందుకు?

మందులు లేని రోజుల్లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం లాంటి శానిటోరియాలే దిక్కు. మంచి గాలి, విశ్రాంతి, పోషకాహారం, ఆ పైన అదృష్టం. 1943లో స్ట్రెప్టోమైసిన్ దొరికినప్పుడు అందరూ గండం గడిచిందనుకున్నారు. బ్రిటన్‌లో దాని మీద జరిపిన పరీక్ష ఫలితాలు 1948లో అచ్చయ్యాయి. ఆరు నెలలకు మందు తీసుకున్న 55 మందిలో నలుగురు చనిపోతే, విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది పోయారు. గొప్ప తేడా. కానీ ఆ మందు తీసుకున్నవాళ్లలో చాలామందికి నెలల్లోనే అది పనిచేయడం మానేసింది. ఐదేళ్లు గడిచేసరికి రెండు గుంపుల మధ్య తేడా చాలావరకు చెరిగిపోయింది.

ఎందుకలా? క్రిమి చీలే ప్రతిసారీ తన డీఎన్ఏను నకలు తీసుకోవాలి. 1998లో పూర్తిగా చదివిన దాని జన్యుపటంలో దాదాపు 44 లక్షల అక్షరాలున్నాయి. నకలు తీసేటప్పుడు ఎప్పుడో ఒకసారి ఒక అక్షరం తప్పు పడుతుంది. ఇప్పటి నాలుగు మందుల్లో ఐసోనియాజిడ్‌కు లొంగని క్రిమి సుమారు పది లక్షల్లో ఒకటి, రిఫాంపిసిన్‌కు లొంగనిది సుమారు పది కోట్లలో ఒకటి తనంతట తానే పుడుతుంది. పుండుపడి గుల్ల అయిన ఊపిరితిత్తిలో కోట్ల కొద్దీ క్రిములుంటాయి. అంటే మొదటి మాత్ర మింగకముందే, ఏదో ఒక మందుకు లొంగని క్రిములు కొన్ని అక్కడ ఉండే అవకాశం ఎక్కువ. ఒక్క మందే ఇస్తే మిగతావన్నీ చచ్చి, ఆ కొన్ని పెరగడానికి చోటు ఖాళీ అవుతుంది. రెండు మందులకూ ఒకేసారి లొంగనిది పుట్టాలంటే పై రెండు లెక్కలనూ హెచ్చవేయాలి: కోటి కోట్లలో ఒకటి. అన్ని క్రిములు మనిషి ఒంట్లో ఉండవు. కలిపి ఇవ్వడంలోని బలమంతా ఈ లెక్కలోనే ఉంది.

ఒక్కో మందు ఒక్కో చోట కొడుతుంది. రిఫాంపిసిన్, జన్యువులోని సమాచారాన్ని ఆర్‌ఎన్‌ఏగా మార్చే ఎంజైములో ఇరుక్కుని, పోగు రెండు మూడు అక్షరాలు దాటకుండా అడ్డుపడుతుంది. (మూత్రం ఎర్రగా రావడం ఈ మందు రంగువల్లే. భయపడాల్సిన పని లేదు.) పైరాజినమైడ్ ఆమ్లగుణం ఉన్న చోట, మిగతా మందులకు చిక్కకుండా మసలే క్రిములను కొడుతుంది. రిఫాంపిసిన్, పైరాజినమైడ్ రెండూ చేరాకే ఏడాదిన్నర చికిత్స ఆరు నెలలకు తగ్గింది. ఐసోనియాజిడ్ కథ నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపిస్తుంది. మనం మింగిన రూపంలో అది క్రిమిని ఏమీ చేయదు. క్రిమి తన కాట్‌జీ అనే ఎంజైముతో దాన్ని మార్చినప్పుడే అది విషమై, మైనపు గోడ తయారీని ఆపుతుంది. 1952 నుంచి వాడుతున్న మందు గురించి ఈ సంగతి 1992లో గానీ తెలియలేదు. ఆ ఎంజైము చెడిపోయిన క్రిమి మందు నుంచి తప్పించుకుంటుంది.

క్రిమి మందుకు లొంగుతుందో లేదో మిషన్ రెండు గంటల్లో ఎలా చెబుతుంది?

రిఫాంపిసిన్‌కు లొంగని క్రిముల్లో మార్పు ఎక్కడుందో 1993లో గుర్తించారు. ఆర్‌పీఓబీ అనే జన్యువులో 81 అక్షరాల చిన్న ముక్క. సుమారు 95 శాతం కేసుల్లో తప్పు ఆ ముక్కలోనే ఉంటుంది. 44 లక్షల అక్షరాలనూ చదవక్కర్లేదు, ఆ 81 చూస్తే చాలు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీబీనాట్ అనే పరీక్ష చేసేది ఇదే. తెమడను ద్రావణంలో కలిపి కార్ట్రిడ్జిలో పోస్తే, మిషన్ శబ్దతరంగాలతో క్రిములను పగలగొట్టి, ఆ ముక్కను కోట్ల నకళ్లుగా పెంచుతుంది. కార్ట్రిడ్జిలోని ఐదు రసాయన గుర్తులు ఆ ముక్కలో ఒక్కో భాగానికి సరిగ్గా అతుక్కుంటేనే వెలుగుతాయి. అన్నీ వెలిగితే క్రిమి ఉంది, రిఫాంపిసిన్‌కు లొంగుతుంది. ఒకటి వెలగకపోతే అక్కడ అక్షరం మారినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో దీన్ని ఆమోదించింది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి చిన్న ఆరోగ్య కేంద్రాల్లోనూ పెట్టగలుగుతున్నారు.

చికిత్స మధ్యలో సీబీనాట్ మళ్లీ ఎందుకు చేయరని కొందరు అడుగుతారు. చచ్చిన క్రిముల డీఎన్ఏ కూడా కొన్నాళ్లు తెమడలో ఉంటుంది. మిషన్‌కు బతికినదానికీ చచ్చినదానికీ తేడా తెలియదు. అందుకే నయమవుతున్నదో లేదో చూడటానికి మైక్రోస్కోపు పరీక్షో, కల్చరో చేయిస్తారు.

మధ్యలో ఆపితే ఏమవుతుంది?

పూర్తిగా ఆపేస్తే దాగి ఉన్న క్రిములు లేచి జబ్బు తిరగబెడుతుంది. నాలుగు రోజులు వేసుకుని, వారం మానేసి, మళ్లీ మొదలుపెట్టే పద్ధతి ఇంకా ప్రమాదం. ఒక మందు ఒంట్లోంచి త్వరగా పోతుంది, ఇంకొకటి ఆలస్యంగా పోతుంది. ఆ మధ్యకాలంలో క్రిముల ముందు ఒంటరి మందు మిగులుతుంది. 1948 నాటి పరిస్థితే మళ్లీ వస్తుంది. టీబీ క్రిమి మందును తట్టుకునే శక్తిని ఇతర బాక్టీరియాల నుంచి తెచ్చుకోదు. అది ఏదో ఒక రోగి ఒంట్లో ఇలాగే పుట్టి, తరువాత గాలిలో ఇంకొకరికి చేరుతుంది.

అలాంటి మొండి టీబీకి ఇటీవలి దాకా ఏడాదిన్నరకు పైగా చికిత్స. నెలల తరబడి ఇంజెక్షన్లు, వాటివల్ల కొందరికి వినికిడి పోయేది. ఇప్పుడు బెడాక్విలిన్ ఉంది. అది క్రిమికి శక్తినిచ్చే ఎంజైమును ఆపుతుంది. పడుకున్న క్రిమికి కూడా కొంత శక్తి కావాలి కాబట్టి అదీ చస్తుంది. దీన్ని మరో మూడు మందులతో కలిపిన ఆరు నెలల చికిత్సకు మన దేశం 2024లో అనుమతి ఇచ్చింది. అయితే బెడాక్విలిన్‌కు లొంగని క్రిములు కూడా ఇప్పటికే కనిపిస్తున్నాయి.

మీ ఇంట్లో ఎవరైనా ఈ మాత్రలు వేసుకుంటూ ఉంటే ఒక్క మాట. వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా, చూపు మసకబారినా ఆ రోజే డాక్టరుకో ఆశా కార్యకర్తకో చెప్పండి. మార్చాల్సిన మందు వాళ్లు మారుస్తారు. తగ్గిపోయిందని మాత్రం మీ అంతట మీరు మానేయకండి, మాననివ్వకండి.