గోల్కొండ తలుపు ఎవరు తీశారు?



సోషల్ పరీక్ష ముందు రోజు మీ ఇంట్లో వినిపించేది ఇదే కదా: “1518, 1591, 1687...” సంవత్సరాలు మా ఏడో తరగతి పిల్లలందరికీ నోటికి వచ్చు. “మరి గోల్కొండ రాజ్యం ఎందుకు పడిపోయింది?” అని అడిగితే మాత్రం, “ద్రోహి తలుపు తీశాడు మేడమ్” అంటారు. అది సగం జవాబే. మిగతా సగం ఇంట్లో మీరు చెప్పగలరు.

ముందు బీదర్

పటాన్‌చెరు నుంచి ముంబై హైవే మీద వెళ్లి, జహీరాబాద్ దగ్గర కుడివైపు తిరిగితే బీదర్ వస్తుంది. 1347లో మొదలైన బహమనీ రాజ్యానికి అది తర్వాతి రాజధాని. ఆస్థానంలో స్థానికులకు, విదేశాల నుంచి వచ్చినవారికి పడేది కాదు. ఇద్దరినీ కలిపి నడిపిన వజీరు మహమూద్ గవాన్. గిట్టనివాళ్లు ఆయన ముద్రతో దొంగ ఉత్తరం సృష్టించారు. సుల్తాను విచారణ లేకుండానే 1481లో ఆయనను చంపించాడు. ఆ తర్వాత రాజ్యం ఐదు ముక్కలైంది. అందులో ఒకటి గోల్కొండ.

ఎలా ఎదిగింది?

వజ్రాలు, మచిలీపట్నం రేవు డబ్బు తెచ్చాయి. తెలుగువారిని కలుపుకోవడం బలం తెచ్చింది. ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు ‘మల్కిభరాముడు’ అని పిలుచుకున్నారు. అచ్చ తెలుగులో తొలి కావ్యమైన ‘యయాతి చరిత్ర’ అంకితం పొందిన అమీన్ ఖాన్ మన పటాన్‌చెరు ప్రభువే!

ఎలా పడింది?

1636లోనే గోల్కొండ మొఘలులకు లొంగి, ఏటా కప్పం కట్టడానికి ఒప్పుకుంది. చివరి సుల్తాను తానీషా పాలనను మోసిన మంత్రి మాదన్నను, ఆయన సోదరుడు అక్కన్నను 1686లో ఆస్థానంలోని కుట్రదారులే చంపించారు. బీదర్‌లో జరిగిన తప్పే రెండు వందల ఏళ్ల తర్వాత మళ్లీ జరిగింది. మరుసటి ఏడాది ఔరంగజేబు సైన్యం ముందు కోట సుమారు ఎనిమిది నెలలు నిలిచింది. చివరికి లోపలివాడే తలుపు తీశాడు. అప్పటికే రాజ్యం లోపల గుల్లయింది.

మీరు చేయగలిగింది

ఒక ఆదివారం పిల్లలను గోల్కొండకు తీసుకెళ్లండి. ఫతే దర్వాజా దగ్గర నిలబడి, “తలుపు తీయకముందు ఏం జరిగింది?” అని అడగండి. జవాబు తప్పయినా పూర్తిగా వినండి. సంవత్సరాలు పరీక్ష అయ్యాక మరిచిపోతారు. ‘ఎందుకు’ అని ఆలోచించడం ఒకసారి అలవాటైతే మరిచిపోరు.

మీ సోషల్ టీచర్