జాతి వేర్పాటును కొలుచు లెక్క

జ్వరమున్నదని ఒంటిమీద చేయి వేసియు తెలిసికొనవచ్చును. నిన్నటికంటె తగ్గినదా, హెచ్చినదా అని చెప్పవలెనన్న ఉష్ణమాపకము కావలెను. అమెరికా సంయుక్త రాష్ట్రముల నగరములలో తెల్లవారొక వైపున, నల్లజాతివారొక వైపున నివసించుట కంటికి కనిపించు విషయమే. ఆ వేర్పాటు ఎంత, తగ్గుచున్నదా అను ప్రశ్నలకొరకు సమాజశాస్త్రజ్ఞులు ఒక కొలతను వాడుచున్నారు. దానిని విభేద సూచిక యనవచ్చును. ఓటిస్ డడ్లీ డంకన్, బెవర్లీ డంకన్ అను వారు 1955లో అంతవరకున్న కొలతలను పరిశీలించి ప్రకటించిన వ్యాసము వలన ఇది బహుళ ప్రచారమునకు వచ్చినది.

లెక్క కష్టమైనది కాదు. మూడు పేటల నగరము నొకదానిని ఊహింతము. తెల్లవారు 8,000, నల్లవారు 2,000. మొదటి పేటలో తెల్లవారు 4,000, నల్లవారు 100; రెండవ పేటలో 3,200, 300; మూడవ పేటలో 800, 1,600. తెల్లవారందరిలో నూటికి 50, 40, 10 మంది చొప్పున ఈ పేటలలో ఉన్నారు. నల్లవారందరిలో నూటికి 5, 15, 80 మంది. పేటపేటకును తేడా 45, 25, 70, మొత్తము 140. ఒక పేటలోని హెచ్చు మరియొక పేటలోని తగ్గుగా మరల కనిపించును గనుక ప్రతి తేడాయు రెండుమారులు లెక్కకు వచ్చినది. సగము చేయగా 70. అనగా నల్లవారిలో నూటికి 70 మంది, ఇక్కడ 1,400 మంది, ఇల్లు మారిననే గాని అన్ని పేటలలోను నగరపు నిష్పత్తి ఏర్పడదు. సూచిక 0 అయినచో పూర్తి కలయిక; 100 అయినచో ఒకరున్న చోట రెండవవారు లేరన్నమాట.

కార్ల్ టాయ్‌బర్, ఆల్మా టాయ్‌బర్ 1965లో ప్రకటించిన గ్రంథములో, 1960 జనాభా లెక్కలనుబట్టి 207 నగరములకు ఈ సూచికను కట్టినారు. అన్నిటికంటె తక్కువ 60.4, ఎక్కువ 98.1. నల్లవారు బీదలు, అందుచేత చౌక ఇండ్లున్న చోట చేరినారని సమాధానము చెప్పువారు కలరు. ఆ మాట నిలువలేదు. బీదతనము ఈ వేర్పాటులో కొద్దిభాగమునకే కారణమని వారి పరిశీలనలో తేలినది.

మిగిలిన భాగమును మనుష్యులు పనిగట్టుకొని కల్పించినారు. 1930లలో ప్రభుత్వ గృహఋణ సంస్థ నగరముల పటములను గీయించి, నల్లవారి పేటలకు దాదాపుగా అన్నిచోట్లను ఎఱ్ఱరంగు వేయించినది. ఎఱుపనగా అప్పునకు అపాయకరమైన చోటని అర్థము. నల్లవారికి అమ్మరాదని ఇండ్ల దస్తావేజులలోనే షరతులు వ్రాసికొనెడివారు. అట్టి షరతులను న్యాయస్థానములు అమలు జరుపరాదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది 1948లో. ఇండ్ల అమ్మకములందును, అద్దెలందును జాతిభేదమును నిషేధించు చట్టము వచ్చినది 1968లో. అటుపిమ్మట సూచిక మెల్లమెల్లగా దిగుచున్నది. అయినను 2020 లెక్కలలో సైతము మిల్వాకీ, డెట్రాయిట్, షికాగో ప్రాంతములు పై వరుసలోనే ఉన్నవి.

ఈ దిగుటను చదువునప్పుడు జాగ్రత్త అవసరము. టాయ్‌బర్లు లెక్కించినది వీధుల నడుమనుండు చిన్న బ్లాకులనుబట్టి. తరువాతివారు ఎక్కువగా లెక్కించునది సుమారు నాలుగువేల మంది నివసించు పెద్ద విభాగములనుబట్టి. విభాగము పెద్దదైన కొలది లోపలి వీధుల వేర్పాటు మరుగుపడి సూచిక తగ్గును. ఆ అంకెను, ఈ అంకెను ప్రక్కప్రక్కన పెట్టి ఇంత తగ్గినదనుట చెల్లదు.

పొరుగున ఎవరున్నారో కూడ ఈ సూచిక చెప్పదు. అందులకు వేరొక లెక్క కలదు. మన ఊహానగరములో నల్లవారు నూటికి 20 మందియే. కాని ఒక నల్లవాని పేటలో సగటున నూటికి 55 మంది నల్లవారు. ఒక తెల్లవాని పేటలో 11 మంది మాత్రమే. పాఠశాలలో తన బిడ్డ ప్రక్కన ఎవరు కూర్చుందురో తెలియగోరు తల్లికి మొదటి లెక్కకంటె ఇదియే పనికివచ్చును.

కాలము సంగతి మరియు చిక్కు. షికాగోలోని నార్త్ లాన్‌డేల్ పేటలో 1950లో నూటికి 87 మంది తెల్లవారు. 1960లో నూటికి 91 మంది నల్లవారు. ఈ నడుమ ఏదో ఒక సంవత్సరమున ఇరువురును సరిసమానముగా ఉండియే యుందురు. జనాభా లెక్క ఆ సంవత్సరమున జరిగియున్నచో ఆ పేట చక్కని కలయికకు ఉదాహరణగా పట్టికలో చేరియుండెడిది. అప్పటికే సగము తెల్లకుటుంబములు సామాను సర్దుకొని వెళ్లిపోయినవి.