చేయి పోయినా చెరగని పటం

మనిషి వేలికొసకు ఒక వస్తువు తగిలినప్పుడు మెదడుకు చేరేది ఆ వస్తువు కాదు, దాని రూపమూ కాదు. నరాల వెంట ఒకదాని వెనుక ఒకటిగా పరుగెత్తే చిన్నపాటి విద్యుత్ స్పందనలే అక్కడికి చేరతాయి. మోకు గరుకుదనాన్నీ, ఇనుప కడ్డీ నునుపునూ మెదడు ఆ స్పందనల నుంచే చదువుకుంటుంది. అందువల్ల చేయి తెగిపోయిన మనిషికి అవే స్పందనలను యంత్రం ద్వారా అందిస్తే అతని మెదడు వాటిని స్పర్శగా స్వీకరిస్తుందా అన్న ప్రశ్న శాస్త్రజ్ఞుల ముందు చాలాకాలంగా ఉంది. ఓడల మోకులు, క్రేన్లు, రోలింగ్ మిల్లులు, కన్వేయర్ బెల్టుల నడుమ రోజూ వేల చేతులు పనిచేసే విశాఖపట్నానికి ఇది దూరపు విషయం కాదు.

అరచేతి వైపు చర్మంలో దాదాపు 17,000 స్పర్శ గ్రాహకాలు ఉన్నాయని అంచనా. గ్రాహకమంటే చర్మం నొక్కుకోవడాన్నో అదరడాన్నో విద్యుత్ స్పందనగా మార్చే సూక్ష్మమైన నరపు కొస. వీటిలో కొన్ని వస్తువు తగిలిన క్షణంలోనూ విడిచిన క్షణంలోనూ మాత్రమే స్పందిస్తే, మరికొన్ని పట్టుకున్నంతసేపూ వార్త పంపుతూనే ఉంటాయి. ఆ వార్త వెన్నుపాము మీదుగా మెదడులో అవతలి పక్కనున్న ఒక సన్నని పట్టీకి చేరుతుంది. దానిని స్పర్శ వల్కలం అంటారు, వల్కలమంటే మెదడును కప్పిన ముడతల పైపొర. మాంట్రియల్‌లో శస్త్రచికిత్సలు చేసిన వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువగా ఉన్న రోగుల మెదడును స్వల్ప విద్యుత్తుతో తాకి చూసి, ఆ పట్టీ మీద శరీరమంతా ఒక పటంలా పరచుకుని ఉందని 1937లో ఎడ్విన్ బోల్డ్రేతో కలిసి వెల్లడించాడు. అందులో చేతికీ పెదవులకూ వీపుకన్నా ఎంతో ఎక్కువ చోటు ఉంది. అయితే రోగులు చెప్పినది సహజమైన స్పర్శ కాదు. ఎక్కువమందికి ఆ భాగం తిమ్మిరెక్కినట్టు, జివ్వుమన్నట్టు తోచింది.

చేయి పోయాక ఆ పటంలో చేతి భాగం ఏమవుతుందన్నదే ఈ విషయమంతటికీ మూలం. 1991లో టిమ్ పాన్స్ బృందం, చేతి నరాల సంబంధం తెగి ఏళ్లు గడిచిన కోతుల మెదడులో ఆ చోటు ముఖ స్పర్శకు స్పందించడం గమనించింది. ఆ తరువాత తమిళనాడులో పుట్టిన వి.ఎస్. రామచంద్రన్, చెంపను తాకితే పోయిన చేతిని తాకినట్టుందని చెప్పినవారిని పరిశీలించడంతో, ఖాళీ అయిన చోటును పొరుగు అవయవాలు ఆక్రమిస్తాయన్న అభిప్రాయం స్థిరపడింది. 2025లో నేచర్ న్యూరోసైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన దీనిని గట్టిగా ప్రశ్నించింది. చేయి తొలగించవలసి వచ్చిన ముగ్గురి మెదళ్లను శస్త్రచికిత్సకు ముందూ తరువాతా స్కాన్ చేసి పోల్చిన హంటర్ షోన్, టామర్ మేకిన్, క్రిస్ బేకర్ బృందం, లేని వేళ్లను కదపమని అడిగినప్పుడు చేతి పటం దాదాపు యథాతథంగా కనిపించిందని తేల్చింది. చేయి పోయింది గాని మెదడులో దాని చిరునామా పోలేదు. కృత్రిమ స్పర్శ మీద ఉన్న ఆశంతా ఈ ఒక్క మాట మీద నిలిచి ఉంది.

ఆ చిరునామాకు వార్త చేర్చిన ప్రయత్నాల్లో రెండు ముఖ్యమైనవి ఉక్కుతో పెరిగిన అమెరికన్ నగరాల్లోనే జరగడం గమనించదగినది. ఈరీ సరస్సు ఒడ్డున రేవున్న క్లీవ్‌లాండ్‌లో, కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయానికి చెందిన డస్టిన్ టైలర్ బృందం, ఫోర్జింగ్ సుత్తి కింద కుడిచేయి పోగొట్టుకున్న ఒక కార్మికుని ముంజేతిలో మిగిలిన నరాల చుట్టూ ఎలక్ట్రోడ్లను, అంటే విద్యుత్తును అందించే లోహపు బిందువులున్న పట్టీలను, అమర్చింది. స్పందనలు ఒకే బలంతో ఆగకుండా సాగినప్పుడు అతనికి తిమ్మిరి మాత్రమే తెలిసింది. వాటి బలాన్ని ఒక లయలో పెంచుతూ తగ్గిస్తూ పంపితే లేని చేతి మీద వేలితో నొక్కినట్టు తోచిందని 2014లో ఆ బృందం ప్రకటించింది. కళ్లకు గంతలు కట్టినా అతను చెర్రీ పండు నలగకుండా తొడిమ తుంచగలిగాడు. లేని పిడికిలి బిగుసుకుపోయినట్టు అంతవరకూ వేధించిన బాధ కూడా చాలావరకు తగ్గింది.

లయకు ఇంత విలువ ఎందుకో చెప్పవలసి ఉంది. సహజ స్పర్శలో పక్కపక్కనున్న నరపు పోగులు దేని సమయానికి అది పలుకుతాయి. ఎలక్ట్రోడ్ మాత్రం తన చుట్టూ ఉన్న పోగులన్నింటినీ ఒకే క్షణంలో లేపుతుంది. సంతలో వందమంది తలొక మాట మాట్లాడుకోవడానికీ, ఆ వందమందీ ఒకేసారి ఒకే అక్షరం అరవడానికీ ఉన్న తేడా ఇది; అటువంటి అరుపులో మెదడుకు అర్థమేమీ దొరకదు గనుక అది తిమ్మిరిగా తోస్తుంది. షికాగో విశ్వవిద్యాలయంలో స్పర్శ మీదే కృషిచేసి 2023లో మరణించిన స్లిమాన్ బెన్స్‌మాయా, తాకిన క్షణంలో గట్టిగా, పట్టుకున్నంతసేపు మెల్లగా, విడిచేటప్పుడు మళ్లీ గట్టిగా పలికే నరాల తీరునే యంత్రమూ అనుసరించాలని భావించాడు. 2019లో యూటా విశ్వవిద్యాలయం ఈ పద్ధతిని పరీక్షించినప్పుడు, కృత్రిమ చేతిని వాడిన వ్యక్తి వస్తువుల పరిమాణాన్నీ మెత్తదనాన్నీ మరింత త్వరగా గుర్తించాడు.

వెన్నుపాము దెబ్బతిన్నవారిలో చేతి నరాలను ప్రేరేపించినా వార్త పైకి చేరదు గనుక, ఆ రెండవ ఉక్కు నగరమైన పిట్స్‌బర్గ్‌లోని విశ్వవిద్యాలయంలో రాబర్ట్ గాంట్ బృందం స్పర్శ వల్కలంలోనే సన్నని ఎలక్ట్రోడ్లను నాటింది. మెదడు ఆజ్ఞతో కదిలే రోబో చేతికి ఈ స్పర్శ తోడైనప్పుడు, వస్తువులను పట్టి మరోచోట పెట్టే పనికి పట్టే మధ్యస్థ సమయం సుమారు 20.9 సెకన్ల నుంచి 10.2 సెకన్లకు తగ్గిందని 2021లో వెల్లడైంది.

అయితే మెదడు ఏది చెప్పినా నమ్ముతుందనుకోవడం పొరపాటు. స్వీడన్‌లో మాక్స్ ఒర్టిజ్ కటలాన్ బృందం 2020లో ప్రచురించిన అధ్యయనంలో, కృత్రిమ బొటనవేలికి వస్తువు తగులుతుంటే స్పర్శ మరోచోట తెలిసిన ముగ్గురు, ఏడాదికి పైగా ఆ చేతిని కళ్లారా చూస్తూ వాడినా స్పర్శ ఆ వేలికి జరగలేదు. పటం చెరగకపోవడం వరమైనట్టే, అది మారకపోవడం ఒక హద్దు కూడా. ఎలక్ట్రోడ్‌ను సరైన పోగు దగ్గర నిలపడం తప్ప దీనికి దగ్గరిదారి కనబడదు.

తెలుగునేల మీద హైదరాబాద్‌కు చెందిన మేకర్స్ హైవ్ సంస్థ, కండరాల సంకేతాలతో వేళ్లు కదిలే కల్‌ఆర్మ్ చేతిని రూపొందించింది. మెదడు ఆజ్ఞ చేతికి చేరే దారి ఇక్కడ తయారైనప్పుడు, చేతి జవాబు మెదడుకు చేరే దారి మీద కూడా పని జరగాలి. విశాఖపట్నంలో 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారం చెంతనే 2018లో ప్రారంభమైన ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల తయారీకి నెలవుగా ఉంది. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాల అదే నగరంలో ఉంది. చేయి కోల్పోయిన కార్మికుని మొండిచేతిలో నరాలు ఏళ్ల తరబడి సజీవంగానే ఉంటాయి. వాటికి మళ్లీ మాట నేర్పే పనికి కర్మాగారం, రేవు, కళాశాల, మెడ్‌టెక్ జోన్ కలిసి విశాఖలోనే పూనుకోవాలి.